దీపం ఉండగానే...

కరెంటు పోయినప్పుడు యూపీఎస్ మన చేతిలో పెట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఏం చేయాలో తెలిస్తే ఆ డబ్బా బంగారం. తెలియకపోతే బల్ల కింద ఇంకో బరువు.

2004, ఏప్రిల్ మొదటి వారం. నాంపల్లి స్టేషన్ రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఓ సందులో పాత అపార్టుమెంటు. రెండో అంతస్తులో ముందుగది, కిటికీ పక్కన బల్ల, దాని మీద కంప్యూటరు. ఆ ఇంటి ఇల్లాలు వంట ముగించి, పిల్లని బడికి పంపి, పదిన్నరకల్లా ఆ బల్ల ముందు కూర్చుంటుంది. డీటీపీ పని. పెళ్లి శుభలేఖలు, కోర్టు కాగితాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు. చుట్టూ కోర్టులు, ఆఫీసులు ఉన్న చోటు కాబట్టి పనికి కరవు లేదు.

ఆ వారం చేతిలో ఉన్నది ఓ పరిశోధక విద్యార్థి సిద్ధాంత గ్రంథం. అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో మూడొందల పేజీలకు పైనే అయింది. ఆఖరి అధ్యాయం నడుస్తోంది. ఎల్లుండి విశ్వవిద్యాలయంలో ఇచ్చేయాలి. మధ్యాహ్నం రెండింటికి ఫైలు సేవ్ అవుతుండగా నెత్తిమీద ఫ్యాను నెమ్మదించింది. తెర నల్లబడింది. గదంతా నిశ్శబ్దం.

నాలుగింటికి కరెంటు వచ్చింది. కంప్యూటరు లేచింది. నీలం తెర మీద స్కాన్‌డిస్క్ తన పని తాను చేసుకుపోయింది. అంతా అయ్యాక చూస్తే ఫైలు ఉంది, కానీ తెరుచుకోదు. ఎన్నిసార్లు నొక్కినా అదే మొండికేయడం. మూడు రోజుల కిందట ఫ్లాపీలోకి ఎక్కించిన కాపీ ఒక్కటే దిక్కు. సాయంత్రం వచ్చిన విద్యార్థికి ఆ మాట చెప్పేసరికి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఎల్లుండే ఆఖరి తేదీ అక్కా” అన్నాడు. అంతే. కోపం కూడా రాలేదతనికి.

ఆ రెండు రాత్రులూ అతను చదవడం, ఆమె టైపు చేయడం. పని పూర్తయింది, గడువూ దాటలేదు. కానీ మూడు రోజుల కూలి గంగలో కలిసింది. రెండోసారి కొట్టిన పేజీలకు డబ్బులు అడగడానికి ఆమెకు నోరు రాలేదు. నెలాఖరుకి చేతిలో పడిన సొమ్ముతో అబిడ్స్ వెళ్లి ఆమె కొన్న మొదటి వస్తువు యూపీఎస్.

పలకా పుస్తకమూ

ఇంతకీ ఆ క్షణంలో కంప్యూటర్లో జరిగిందేమిటి? కంప్యూటరుకి ఓ పలక, ఓ పుస్తకం ఉన్నాయనుకోండి. మనం టైపు చేసేదంతా ముందు పలక మీద పడుతుంది. అది ర్యామ్. సేవ్ నొక్కితే పుస్తకంలోకి, అంటే హార్డ్‌డిస్కులోకి ఎక్కుతుంది. కరెంటు పోతే పలక మీద రాత మొత్తం చెరిగిపోతుంది. ఈ నష్టం అందరికీ తెలిసిందే.

తెలియనిది రెండోది. పలక మీంచి పుస్తకంలోకి ఎక్కిస్తున్న సమయంలోనే కరెంటు పోతే పుస్తకంలో సగం రాత మిగులుతుంది. ఏ పేజీ ఎక్కడుందో చెప్పే విషయసూచిక కూడా సగంలో ఆగుతుంది. అప్పుడు కొత్త రాతే కాదు, ఎప్పుడో భద్రంగా దాచుకున్న పాత రాత కూడా చేతికందదు. నాంపల్లి ఇల్లాలికి జరిగింది ఇదే.

తర్వాతి విండోస్‌లలో ఈ బెడద తగ్గింది. చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసుకుని, ఆ తర్వాతే చేసే పద్ధతి వచ్చింది. కరెంటు పోయినా చిట్టా చూసుకుని విషయసూచికను సరిచేసుకుంటుంది. అయితే అది కాపాడేది డిస్కు లెక్కల్ని. మీ ఫైల్లో ఆఖరి గంటలో పడ్డ అక్షరాలకు పూచీ ఉండదు. ఇప్పటి ఎస్‌ఎస్‌డీల్లో తిరిగే పళ్లెం లేదు కాబట్టి దెబ్బ తగలదనుకోవడమూ పొరపాటే. రాస్తుండగా కరెంటు తెగితే వాటి లెక్కలూ తప్పవచ్చు.

రెప్పపాటు కంటే ముందే

యూపీఎస్ పూర్తి పేరుకు అర్థం ‘అంతరాయం లేని విద్యుత్ సరఫరా’. పేరు ఘనమే గానీ లోపల ఉన్నవి నాలుగే: ఓ బ్యాటరీ, దాన్ని నింపే ఛార్జరు, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటులా మార్చే సర్క్యూటు, అటూ ఇటూ మార్చే మీట. బయట కరెంటు ఉన్నంతసేపూ అది కంప్యూటరుకి నేరుగా వెళ్తుంది, పక్కన బ్యాటరీ నిండుతుంటుంది. కరెంటు పోగానే మీట మారుతుంది.

ఎంత వేగంగా మారాలి? మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒక ఊపుకి పట్టే సమయం సెకనులో యాభయ్యో వంతు, అంటే 20 మిల్లీసెకన్లు. కంప్యూటరు డబ్బాలోని ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్న కాస్త శక్తితో దాదాపు 16 మిల్లీసెకన్లు ఓపిక పట్టగలదు. ఆ లోపు కరెంటు అందాలి. ఇళ్లలో వాడే యూపీఎస్‌లు చాలావరకు 4 నుంచి 10 మిల్లీసెకన్లలో ఆ పని చేసేస్తాయి. మనం రెప్ప వేయడానికి పట్టే సమయం దీనికి ఎన్నో రెట్లు.

వీటిలో మూడు రకాలున్నాయి. కరెంటు పోయినప్పుడు మాత్రమే పనిచేసేది ఆఫ్‌లైన్. ఓల్టేజి ఎక్కువ తక్కువలనూ సర్దేది లైన్ ఇంటరాక్టివ్. ఓల్టేజి పడినప్పుడల్లా ‘టిక్’మని వినిపించేది దీని చప్పుడే. మూడోది ఆన్‌లైన్. ఇందులో అసలు మీట మారే పనే ఉండదు, కంప్యూటరు ఎప్పుడూ సర్క్యూటు తయారుచేసిన కరెంటు మీదే నడుస్తుంది. ఆసుపత్రులకూ బ్యాంకులకూ అది. ఇంటికి రెండో రకం సరిపోతుంది.

పది నిమిషాల లెక్క

కొత్త యూపీఎస్ వచ్చిన వారానికే నాంపల్లిలో మళ్లీ కరెంటు పోయింది. డబ్బా ‘కుయ్ కుయ్’మంది. తెర వెలుగుతూనే ఉంది. ఇల్లాలికి ఎంత సంతోషమో! కూతుర్ని పిలిచి మరీ చూపించింది. ఆ సంతోషంలో శుభలేఖ పని చేస్తూ కూర్చుంది. తొమ్మిదో నిమిషంలో కూత వేగం పెరిగింది. పదో నిమిషంలో అంతా ఆరిపోయింది. నష్టం ఈసారి అరపేజీయే. కానీ పాఠం మాత్రం నిండుగా అందింది.

డబ్బా మీద 600 వీఏ అని ఉంటుంది. అది చూసి 600 వాట్లు అనుకుంటాం. ఇంటి యూపీఎస్‌లలో చాలావాటికి 600 వీఏ అంటే మోయగల బరువు 360 వాట్లే. పక్కనే చిన్న అక్షరాల్లో వాట్లు రాసి ఉంటాయి, చూడాల్సింది వాటిని. ఇక ఎంతసేపు మోస్తుందన్నది బ్యాటరీని బట్టి ఉంటుంది. లోపలుండేది సాధారణంగా 12 ఓల్టులు, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. రెండూ గుణిస్తే 84 వాట్ అవర్లు. 150 వాట్ల కంప్యూటరుకి అరగంట రావాలి కదా?

రాదు. ఆ 7 అన్న అంకె బ్యాటరీని ఇరవై గంటల పాటు తీరిగ్గా, కొంచెం కొంచెంగా వాడితే వచ్చే లెక్క. ఒక్కసారిగా గుంజితే లెడ్ బ్యాటరీ తనలో ఉన్నదంతా ఇవ్వలేదు. 150 వాట్లకు కొత్త బ్యాటరీ మీద పది నిమిషాలు, రెట్టింపు బరువు మోపితే నాలుగైదు నిమిషాలు. అంతే దాని శక్తి. పాత గాజు గొట్టపు మానిటర్ల రోజుల్లో మానిటరే వంద వాట్ల దాకా మింగేది. ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ తెరలు వచ్చాక ఆ ఖర్చు ఇరవై, ముప్ఫై వాట్లకు దిగింది. అదే యూపీఎస్ ఇప్పుడు ఇంకాస్త ఎక్కువసేపు నిలుస్తుందంటే పుణ్యం ఆ తెరదే.

అందుకే యూపీఎస్ వెనకున్న ప్లగ్గుల్లో కంప్యూటరు, మానిటరు తప్ప ఇంకేం పెట్టకూడదు. ముఖ్యంగా లేజర్ ప్రింటరు. కాగితం మీద పొడిని కరిగించి అంటించడానికి అది ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. ఆ దెబ్బకు యూపీఎస్ చేతులెత్తేస్తుంది, పక్కనున్న కంప్యూటరునీ వెంట తీసుకుపోతుంది. టేబుల్ ఫ్యాను, టీవీ మాట సరేసరి.

కూత వినగానే చేయాల్సిన పనులు మూడు. తెరిచి ఉన్న ప్రతి ఫైలూ సేవ్ చేయాలి. ముఖ్యమైనదాన్ని ఇంకో చోటికి కాపీ చేయాలి. పద్ధతిగా షట్‌డౌన్ కొట్టాలి. రెండు మూడు నిమిషాల పని. మిగతా నిమిషాలు, ఆ సమయానికి మీరు వంటింట్లో ఉంటే కంప్యూటరు దాకా రావడానికి. పెద్దలు ఊరికే అన్నారా, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని!

చప్పుడు లేకుండా చచ్చిపోతుంది

మూడేళ్లు గడిచాయి. 2007 వేసవిలో ఓ రోజు కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యనలేదు, కయ్యనలేదు. కంప్యూటరుతో పాటే టప్పున ఆగిపోయింది. డబ్బా పాడైందనుకుని ఆటోలో వేసుకుని అబిడ్స్‌లో రిపేరు కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లింది ఇల్లాలు. అతను నాలుగు స్క్రూలు విప్పి, పక్కలు ఉబ్బిన బ్యాటరీని బయటికి లాగాడు.

“యూపీఎస్ మంచిగనే ఉన్నది అక్కా. బ్యాటరీ ఖతమైంది. ఎప్పుడన్న స్విచ్చి బంద్ చేసి చూసిన్రా?”

“కరెంటు పోయినప్పుడు ఎలాగూ తెలుస్తుంది కదా తమ్ముడూ!”

“గప్పుడు తెలిసి ఏం లాభం అక్కా?”

నిజమే. యూపీఎస్‌లో ముందు పోయేది బ్యాటరీయే. అది పోయే ముందు చెప్పి పోదు. కరెంటు ఉన్నంతకాలం పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. పైగా కోతలు ఎక్కువున్న రోజుల్లో రోజూ పరీక్ష జరిగేది కాబట్టి బలం తగ్గుతున్న సంగతి కొంతైనా తెలిసేది. కోతలు తగ్గేకొద్దీ తెలిసే దారి కూడా మూసుకుపోయింది.

కాబట్టి పరీక్ష మనమే పెట్టాలి. నెలకో ఆదివారం చాలు. పనులన్నీ సేవ్ చేసి మూసేయండి. గోడ మీద స్విచ్చి ఆపండి. ప్లగ్గు మాత్రం పీకొద్దు. స్విచ్చి ఆపితే కరెంటు తెగుతుంది, ఎర్త్ మాత్రం అలాగే ఉంటుంది. ప్లగ్గు పీకితే ఎర్త్ కూడా తెగిపోతుంది. ఆపాక గడియారం చూడండి. ఐదు నిమిషాలు హాయిగా నిలిస్తే నెల రోజులు నిశ్చింత. రెండు నిమిషాలకే కూత వేగం పెరిగితే బ్యాటరీ మార్చే వేళయిందని అర్థం. పరీక్ష కాగానే స్విచ్చి వేసి మళ్లీ నిండనివ్వాలి. ఖాళీ అయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి సీసపు పలకలపై గట్టి పొర పేరుకుని మళ్లీ కోలుకోదు. ఇల్లు తాళం వేసి నెలల తరబడి ఊరెళ్లేవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

సీసం కథ

ఈ డబ్బాల్లోని బ్యాటరీ కొత్త వింత కాదు. సీసం, గంధకికామ్లం కలిపి మళ్లీ మళ్లీ నింపుకోగల బ్యాటరీని ఫ్రాన్స్‌కి చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో చేశాడు. లోపలి ద్రవం ఒలకకుండా, నీళ్లు పోసే పని లేకుండా మూసేసిన రకం వచ్చాక అది ఇంట్లో బల్ల కిందికి చేరింది. ఇందులో తెలుగువాళ్ల చేతి పనితనం కూడా ఉంది. అమెరికా నుంచి తిరిగొచ్చిన గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ తిరుపతి దగ్గర కరకంబాడిలో ఈ మూసిన రకం బ్యాటరీలే చేసి, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలకూ రైల్వేలకూ అందించింది. కార్ల బ్యాటరీలతో ఇంటింటా పేరు వచ్చింది ఆ తర్వాతే.

ఈ బ్యాటరీకి ఓ పెద్ద శత్రువు ఉంది. వేడి. దాని ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. అంతకు మించి ఎనిమిది, పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆయుష్షు సుమారు సగానికి తరుగుతుందన్నది ఇంజినీర్లు చెప్పే మోటు లెక్క. మే నెలలో మన హైదరాబాదు ఎండ 40 దాటడం మామూలే. ఆ ఎండలో కిటికీ కింద, పరదా చాటున, కంప్యూటరు వేడిగాలి తగిలేచోట ఆ డబ్బాని నొక్కిపెడితే ఐదేళ్లు ఉండాల్సింది రెండేళ్లకే పోతుంది. చుట్టూ జానెడు ఖాళీ వదలండి. దాని మీద పాత పత్రికలు పేర్చకండి.

బ్యాటరీ కొనేటప్పుడు మూడు చూడాలి: ఓల్టులు, ఆంపియర్ అవర్లు, తయారైన నెల. షాపు అరలో ఏడాది పడున్న బ్యాటరీ కొత్తదే అయినా ముసలిదే. హైదరాబాదులో కంప్యూటర్ల కోసమైతే సికింద్రాబాద్ సీటీసీకి, ఎలక్ట్రానిక్ విడిభాగాలకైతే కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లడం ఎప్పటి నుంచో అలవాటు. ఎక్కడ కొన్నా పాత బ్యాటరీ అక్కడే ఇచ్చి రావాలి. అందులోని సీసం విషం. చెత్తకుండీలో వేస్తే నేలనీ నీళ్లనీ పాడుచేస్తుంది. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకోవాలన్న నిబంధనలు దేశంలో 2001లోనే వచ్చాయి. 2022లో వాటి స్థానంలో కొత్తవి తెచ్చి లిథియం సహా అన్ని రకాల బ్యాటరీలకూ వర్తింపజేశారు. పైగా పాత సీసానికి ధర ఉంటుంది. కొత్తదాని బిల్లులో ఆ మేరకు తగ్గించమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

కోతలు పోయాయిగా!

హైదరాబాదులో కోతల రోజులు మరిచిపోయేవి కావు. 2012, 2013లలో రాష్ట్రమంతా కరెంటు కటకటలాడింది. పేపర్లో ఏ ప్రాంతానికి ఎప్పుడు కోత అని చూసుకుని వంట మొదలుపెట్టిన ఇళ్లున్నాయి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతమంతా చీకటైనప్పుడు మనకు ఏమీ కాలేదు. కారణం, అప్పటికి దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో పూర్తిగా కలవలేదు. కష్టకాలంలో అదే మనకు ఇబ్బంది కూడా. అక్కడ మిగిలిన కరెంటు ఇక్కడికి కావాల్సినంత వచ్చే దారి లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు లైనుతో ఆ ముడి పడింది. తెలంగాణ ఏర్పడ్డాక 2014 చివరి నుంచి ప్రకటించిన కోతలు నగరంలో ఆగిపోయాయి.

మరి యూపీఎస్ ఎందుకు? కరెంటు చాలక కోత పెట్టడం వేరు, తీగ తెగి ఆగడం వేరు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఈదురుగాలికి చెట్టుకొమ్మ తీగ మీద పడుతుంది. సబ్‌స్టేషన్లో బ్రేకరు పడిపోతుంది. ఫ్యాను వేగం కాస్త తగ్గి మళ్లీ అందుకునేంత చిన్న అంతరాయమే కావచ్చు. ట్యూబులైటు ఒక్కసారి ముడుచుకుని తెరుచుకుంటుంది. మనిషికి అది కరెంటు పోవడం కాదు. కంప్యూటరుకి మాత్రం 20 మిల్లీసెకన్లు దాటితే పోయినట్టే.

ఇన్వర్టర్ ఉన్నవాళ్ల సందేహం ఇంకోటి. అది చాలదా? ఇన్వర్టర్ పుట్టింది ఫ్యాన్లు, లైట్ల కోసం. మామూలు పద్ధతిలో అది మారడానికి తీసుకునే సమయం కంప్యూటరు ఓపికను మించిపోవచ్చు. చాలా ఇన్వర్టర్లకు వెనకవైపు ‘యూపీఎస్’ అని ఓ మీట ఉంటుంది. దాన్ని అటు జరిపితే వేగంగా మారుతుంది. అయితే ఓల్టేజి కాస్త పడినా బ్యాటరీ మీదికి వెళ్లిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఇచ్చే మొరటు కరెంటును కొన్ని యూపీఎస్‌లు కరెంటుగానే ఒప్పుకోవు. ఇంట్లో దీపాలన్నీ వెలుగుతుండగా యూపీఎస్ ఒక్కటే కూత పెడుతూ ఖాళీ అవుతుంది. ఇన్వర్టర్ కొనేటప్పుడే సైన్ వేవ్ రకం తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

పాత భవనాల్లో ఉండేవాళ్లు గమనించాల్సింది ఇంకా ఉంది. కంప్యూటరు డబ్బాని ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయా? ఎర్త్ లేదన్న మాట. యూపీఎస్ కొనడం కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. ఇక కొన్ని లైట్లు మండిపోయేంత వెలుగుతూ, కొన్ని మిణుకుమిణుకుమంటుంటే న్యూట్రల్ తీగ ఊడిందని అనుమానించాలి. అప్పుడు 230 ఓల్టులు రావాల్సిన చోటికి 400 దాకా రావచ్చు. దాన్ని ఆపే శక్తి ఇంటి యూపీఎస్‌కి లేదు. వెంటనే మెయిన్ ఆపి 1912కి ఫోన్ చేయడమే.

కూతురి బల్ల

2004లో బడికి వెళ్లిన ఆ పిల్ల 2020 నాటికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. లాక్‌డౌన్ రాగానే ఆఫీసు కంప్యూటరు ఇంటికొచ్చింది. అమ్మ బల్ల పక్కనే ఇంకో బల్ల పడింది. ల్యాప్‌టాప్ అయితే దాని బ్యాటరీయే దానికి యూపీఎస్. ఇది పెద్ద కంప్యూటరు కాబట్టి బల్ల కింద మళ్లీ అదే డబ్బా వచ్చి చేరింది.

ఆ ఏడాది అక్టోబరు 13. హైదరాబాదు మీద కుండపోత. రోడ్లు ఏరులయ్యాయి, కాలనీలు చెరువులయ్యాయి. రాత్రి కూతురు నెల రోజులుగా చేస్తున్న పనిని ఆఫీసుకి పంపే ఏర్పాట్లలో ఉంది. ఇంకో అరగంటలో అయిపోతుంది. కరెంటు పోయింది. కింద డబ్బా కూత పెట్టింది.

“ఇంకొంచెమే అమ్మా, అయిపోవచ్చింది” అంది కూతురు కీబోర్డు మీంచి చేతులు తీయకుండా.

“ముందు సేవ్ చెయ్యి తల్లీ. తర్వాత మాట్లాడు.”

అమ్మ గొంతులో ఏదో ఉంది. కూతురు సేవ్ చేసింది. పెన్‌డ్రైవ్‌లోకి ఓ కాపీ తీసింది. షట్‌డౌన్ కొట్టింది. మొత్తం మూడు నిమిషాలు. కూత ఆగాక గదిలో వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. కరెంటు మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేదు. వచ్చాక కంప్యూటరు వేస్తే నెల రోజుల పనీ ఎక్కడిదక్కడ ఉంది.

ఆ ఇంట్లో ఇప్పుడు ఇంకో చిన్న డబ్బా కూడా ఉంది. అది వైఫై రౌటరుకి. అరచేతి పొడవుండే ఈ బుల్లి యూపీఎస్‌లో లిథియం సెల్స్ ఉంటాయి. రౌటరు తినేది పదీ పన్నెండు వాట్లే కాబట్టి గంటల తరబడి నిలుస్తుంది. కొనేముందు రౌటరు అడాప్టరు మీద 9 ఓల్టులా, 12 ఓల్టులా, ఎన్ని ఆంపియర్లు అన్నది చూసి అదే కొనాలి. తప్పు ఓల్టేజి పెడితే రౌటరు కాలుతుంది. ఇంటిదాకా ఫైబరు వచ్చిన చోట దారిలో కరెంటు తినే పెట్టెలు సాధారణంగా ఉండవు కాబట్టి వీధంతా చీకటైనా నెట్ రావచ్చు. మెట్ల కింద కేబుల్‌వాళ్ల స్విచ్చి పెట్టె ఉంటే మాత్రం దానికీ కరెంటు కావాలి, మీ ఒక్క ఇంట్లో ఏర్పాటు చాలదు.

అబిడ్స్‌లో ఆదివారం చాలా షాపుల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. నాంపల్లి ఇల్లాలు నెలకో ఆదివారం ఆ పుస్తకాల దగ్గరికి బయల్దేరే ముందు బల్ల కింద స్విచ్చి ఆపి, గడియారం చూస్తుంది. ఐదు నిమిషాలు నిలిస్తే చెప్పులేసుకుని పుస్తకాలకు వెళ్తుంది. నిలవకపోతే షట్టర్లు తీసే సోమవారం కోసం సంచీ ఒకటి గుమ్మం దగ్గర పెట్టుకుంటుంది.

మీ బల్ల కింద పచ్చ లైటు వెలుగుతోందా? అయితే ఫైళ్లు సేవ్ చేసి, ఓసారి ఆ స్విచ్చి ఆపి చూడండి.